గాలి వేలంపాట (ఉమ్మడి ఆస్తులు, 6వ భాగం)

పోయిన భాగంలో చెరువు శిఖం భూముల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కంటికి కనిపించని ఆస్తి: ఫోన్లలోకి మాటను మోసుకొచ్చే రేడియో తరంగాలు. స్పెక్ట్రం అంటే 2జీ కుంభకోణం అని గ్రూప్స్ పరీక్షల కోసం బట్టీ పట్టి వదిలేస్తున్నారు. అసలు కథ అక్కడ లేదు.

తాండూరు మార్కెట్ యార్డులో కంది కుప్ప చుట్టూ సాగే పాట మనకు తెలుసు. సరుకు రైతుది, ధర చెప్పేది కొనేవాడు. స్పెక్ట్రం పాటలో అమ్మేది కేంద్ర ప్రభుత్వం. ఇంతకు తగ్గితే ఇవ్వనని ముందే కనీస ధర పెట్టుకుంటుంది (కంది రైతుకు ఆ భాగ్యం ఎక్కడిది!). దేశాన్ని 22 సర్కిళ్లుగా విడగొట్టి, సర్కిల్ వారీగా పాట పెడతారు. కంపెనీలు కంప్యూటర్ల ముందు కూర్చుంటాయి. రౌండు రౌండుకూ ధర పెరుగుతుంది, తట్టుకోలేనివాళ్లు తప్పుకుంటారు. 2010లో 3జీ పాట 34 రోజులు, 183 రౌండ్లు నడిచింది. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఒక్కో ముక్క 1,373 కోట్లు పలికింది. ముక్క అంటే పోవడానికి 5, రావడానికి 5 మెగాహెర్ట్జ్, 20 ఏళ్ల హక్కు. దేశం మొత్తం మీద వచ్చింది 67,719 కోట్లు.

ఇంతకీ ఎవరి సొత్తు అమ్మారు? 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు చెప్పారు. ఈ తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి అన్నారు. 1885 నాటి తెల్లదొరల టెలిగ్రాఫ్ చట్టం చేతిలో పెట్టుకుని అంతా మాదే అన్న సర్కారుకు అది పెద్ద దెబ్బ.

ప్రజల ఆస్తి అన్నారు, బాగుంది. ఆ ప్రజల్లో వికారాబాద్ ఉందా? 3జీ కొన్న కంపెనీకి పెట్టిన షరతు చూడండి: అయిదేళ్లలో సర్కిల్లోని సగం జిల్లా కేంద్రాలకు సేవ అందించాలి, అందులో గ్రామీణ వాటా 15 శాతం. 2010లో వికారాబాద్, తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లా కలెక్టరేట్ హైదరాబాద్ లక్డీకాపూల్‌లో! అంటే నగరంలో టవర్లు వేసినా రంగారెడ్డి లెక్క తీరిపోతుంది. వికారాబాద్ జిల్లా అయింది 2016 అక్టోబర్‌లో. ప్రజల ఆస్తి అమ్మేటప్పుడు తాండూరు నాపరాయి గనుల కూలీ కూడా హక్కుదారే. పంచేటప్పుడు అతని ఊరు లెక్కలోనే లేదు.

2జీ సంగతి రెండు ముక్కల్లో. 2008లో పాట లేకుండా, 2001 నాటి ధరకే ఇచ్చిన 122 లైసెన్సులను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న రద్దు చేసింది. దళితుడైన మంత్రి ఎ. రాజా జైలుకు పోయాడు, 2017 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు నిర్దోషి అంది, సీబీఐ అప్పీలును ఢిల్లీ హైకోర్టు 2024లో విచారణకు తీసుకుంది. ఆ ధర తప్పే. కానీ దాని తర్వాత పాట పెడితే చాలు, న్యాయం జరిగినట్టే అన్న నమ్మకం స్థిరపడింది. అదే 2012 సెప్టెంబర్‌లో అయిదుగురు జడ్జీలు, ప్రకృతి వనరులన్నిటికీ వేలమే దారి అని రాజ్యాంగం చెప్పలేదన్నారు. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. తెలంగాణ మద్యం దుకాణాల్లో 2021 నుంచి ఎస్సీలకు 10 శాతం కోటా ఉంది. తరంగాల్లో కోటా అంటే నవ్వుతారు.

2023 టెలికాం చట్టం రక్షణ రంగానికీ శాటిలైట్ సేవలకూ పాట అక్కర్లేదంది. పాట లేకపోతే ఖర్చు లేదనుకోకండి. తరంగం పొడవు పెరిగేకొద్దీ దూరం పోతుంది, అన్నిటికన్నా పొడవైనవి సముద్రపు నీళ్లలోకి కూడా దిగుతాయి. జలాంతర్గాములతో మాట్లాడాలంటే అవే కావాలి. వాటికి బ్రహ్మాండమైన యాంటెన్నా, దానికి బోలెడంత జాగా. అందుకే పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నేవీకి పోయాయి. 2024 అక్టోబర్ 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క మీదే ఉద్యమకారులకూ అధికారులకూ తగాదా.

సరిగ్గా 16 ఏళ్ల కింద, 2008 అక్టోబర్ 15న, మన జిల్లాకు ఆనుకునే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో మరో పని జరిగింది. మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 90.4 మీద సంగం రేడియో మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ నడిపారు. ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. 1998 నుంచి వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకున్నారు. లైసెన్సు కోసం పదేళ్లు ఆగాల్సి వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని కేంద్రం ఒప్పుకుందే 2006లో. మామూలుగా 100 వాట్లు దాటకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించొచ్చు, సొంత వార్తలు చెప్పకూడదు. విత్తనాల గురించి, పాటల గురించి, పండుగల గురించి మాట్లాడొచ్చు. దామగుండంలో చెట్లు కొడుతున్నారని వార్తగా చెప్పడానికి ఈ రోజుకూ అనుమతి లేదు.