ఊపిరందని కణం, బొంతపల్లి మందు

బొంతపల్లి పేరు చెబితే పాతతరానికి వీరభద్రస్వామి గుడి గుర్తొస్తుంది, తర్వాతి తరానికి మందుల కంపెనీలు. నర్సాపూర్ దారిలోని ఈ ఊళ్లోనూ, ఇటు బొల్లారం, పటాన్‌చెరుల్లోనూ పెరిగిన బల్క్ డ్రగ్ పరిశ్రమ చరిత్రను పెట్టుబడుల చరిత్రగానో ఉద్యోగాల చరిత్రగానో కాలుష్య చరిత్రగానో రాస్తుంటారు. దాన్ని జీవశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయంగా కూడా చదవాలని నా వాదన. ఆక్సిజన్ చాలని కణం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు బాల్టిమోర్‌లో, బోస్టన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో దొరికింది. ఆ జవాబు మన రోగిదాకా రావడంలో తెలుగు నేల మీది మందుల తయారీకి పెద్ద పాత్రే ఉంది.

పిండం పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. ఆ కొరతే రక్తనాళానికి పిలుపు. హెచ్.ఐ.ఎఫ్. అనే ప్రోటీన్‌ను కణం ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు దాని మీద ఒక రసాయన ముద్ర పడుతుంది, ఆ ముద్ర పడ్డదాన్ని కణం నిమిషాల్లో విరిచేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ముద్ర పడదు. అప్పుడు ఆ ప్రోటీన్ నిలిచి, కేంద్రకంలోకి వెళ్లి, వి.ఇ.జి.ఎఫ్. జన్యువును మేల్కొలుపుతుంది. ఆ జన్యువు పంపే సంకేతం అందిన రక్తనాళం అటువైపు చిగురు వేస్తుంది. రక్తం చేరాక పిలుపు తగ్గిపోతుంది. ఎంత పొదుపైన ఏర్పాటో! దీనికి మోతాదు ఎంత ముఖ్యమంటే, వి.ఇ.జి.ఎఫ్. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి లేకపోయినా ఎలుక పిండం గర్భంలోనే చనిపోతుందని 1996లో తేలింది. కణితి కూడా ఇదే పిలుపును వాడుకుంటుంది. రక్తనాళాలను రానివ్వకపోతే కణితి ఎదగలేదని శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లోనే అన్నారు, చాలాకాలం నమ్మినవాళ్లు తక్కువ. హెచ్.ఐ.ఎఫ్. గుట్టు విప్పిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

ఆలోగా ఇక్కడ మరో పాఠశాల నడుస్తోంది. 1970 నాటి పేటెంట్ల చట్టం 2005 దాకా మందును కాక, దాన్ని తయారుచేసే పద్ధతిని మాత్రమే కాపాడింది. కొత్త దారిలో అదే అణువును చేరుకోగల రసాయన శాస్త్రజ్ఞులకు అది తెరిచిన తలుపు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. 1993లో మొదలైన హెటిరోకు బొంతపల్లిలో యూనిట్ ఉంది, వి.ఇ.జి.ఎఫ్.ను పట్టి ఆపే బెవాసిజుమాబ్ అనే కాన్సర్ మందుకు తన బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, ఆ సంస్థ 2016లో విడుదల చేసింది. ఇది అనుకరణే కదా, శాస్త్రం ఎలా అవుతుందని అడగవచ్చు. బెవాసిజుమాబ్ రియాక్టర్లో కలిపి వండే రసాయనం కాదు, బతికున్న కణాలు తయారుచేసే ప్రతిరక్షకం. ఆ కణాలు పెరిగే తొట్టిలో కరిగిన ఆక్సిజన్‌ను క్షణక్షణం కొలుస్తూ ఉండాలి. ఇంత పట్టు లేకుండా అనుకరణ సాధ్యపడదు.

ధరల సంగతి ఇంకా బరువైనది. వి.ఇ.జి.ఎఫ్. అందుకునే గ్రాహకాలను అడ్డుకునే సొరాఫెనిబ్ అనే కాన్సర్ మాత్రలకు బేయర్ కంపెనీ ధర నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు ఉండేది. హైదరాబాద్ సంస్థ నాట్కోకు 2012 మార్చిలో దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారీకి ఇచ్చే అనుమతి) దక్కింది, ధర 8,800కు దిగింది. (నాట్కో ఈ బెల్టుది కాదు, దాని ఫ్యాక్టరీ నగరానికి దక్షిణాన కొత్తూరులో ఉంది. అయినా వృత్తి ఒకటే.) ఇలా ధర కోస్తే రేపటి పరిశోధనకు డబ్బెవరు పెడతారన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను, సొరాఫెనిబ్‌ను కనిపెట్టింది కంపెనీలే. కానీ లైసెన్సు రాయల్టీ లేకుండా ఇవ్వలేదు, 6 శాతం విధించారు. పైగా అసలు ధరకు ఆ మందు అందింది అవసరమైన రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికే. కొనలేని వాళ్ల నుంచి పరిశోధనకు ఎలాగూ పైసా రాదు.

నా వాదనకు అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. చవక మందు కోసం ఇది తప్పదనే మాటను నేను ఒప్పుకోను. ఆ చవకలో కొంత భాగం పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు ఒడ్డు ఊళ్లు కట్టిన ధర. సేంద్రియ వ్యర్థం వాగులో పడితే దాన్ని తినే బాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తోడేస్తుంది. చేప కణంలోనూ హెచ్.ఐ.ఎఫ్. ఉంది. ఊపిరందని నీటిలో అదీ విరగకుండా నిలుస్తుంది, కేంద్రకంలోకి వెళ్తుంది, అదే పిలుపు పిలుస్తుంది.