ఉప్పల్ రోడ్డులో తేలిన కులం వయసు

హబ్సిగూడ చౌరస్తాలో ఒక దారి నాచారం వైపు తిరుగుతుంది, ఇంకొకటి ఉప్పల్‌కు పోతుంది. ఆ ఉప్పల్ రోడ్డులోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ‘మాది కల్తీలేని వంశం’ అన్న తరతరాల నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ కథను సామాన్య పాఠకులకు చేర్చినవి 2018లో వచ్చిన రెండు పుస్తకాలు. ఒకటి హార్వర్డ్ జన్యు శాస్త్రవేత్త డేవిడ్ రైక్ రాసిన ‘హూ వీ ఆర్ అండ్ హౌ వీ గాట్ హియర్’, రెండోది పాత్రికేయుడు టోనీ జోసెఫ్ రాసిన ‘ఎర్లీ ఇండియన్స్’.

పేరు మీద పేచీ

సీసీఎంబీలో శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ దేశం నలుమూలల నుంచీ ఏళ్ల తరబడి నమూనాలు సేకరించారు. వాటిలో 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను రైక్ బృందంతో కలిసి పరిశీలించారు. ఫలితాలు మాట్లాడుకోవడానికి రైక్ 2008 అక్టోబరులో హైదరాబాద్ వచ్చారు. పశ్చిమ యురేషియా జనం ఇక్కడివారితో కలిశారన్నది ఆయన తెచ్చిన మాట. జనం బయటి నుంచి తరలివచ్చారనడానికి ఈ నమూనాల్లో నేరుగా ఆధారం లేదని మనవాళ్లు అడ్డుచెప్పారు. పని ఆగిపోయే దాకా వచ్చింది. చివరికి ‘ఉత్తర భారత పూర్వీకులు’, ‘దక్షిణ భారత పూర్వీకులు’ అన్న పేర్ల దగ్గర రాజీ కుదిరింది. 2009 సెప్టెంబరులో ‘నేచర్’ ఆ పరిశోధనను ప్రచురించింది. ఈ పేచీని రైక్ తన పుస్తకంలో దాచకుండా రాశారు. అందుకే ఆ పుస్తకాన్ని నమ్మబుద్ధవుతుంది.

మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు నమూనాలు కూడా అందులో ఉన్నాయి. అందరిలోనూ ఈ ఉత్తర, దక్షిణ పూర్వీకుల పాయలు రెండూ ఉన్నాయి. దేశంలోని చాలా సమూహాల్లో ఉత్తర పాయ వాటా 39 నుంచి 71 శాతం. ఈ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో జరిగిందని 2013లో తేల్చారు. ఆ తర్వాత కులం గోడలు అంతటా గట్టిపడ్డాయి.

గోడల వయసు

కులం ఇప్పుడున్న రూపానికి బ్రిటిష్ పాలనే కారణమని నికొలస్ డర్క్స్ 2001లో ‘క్యాస్ట్స్ ఆఫ్ మైండ్’లో వాదించారు. జనాభా లెక్కల్లో కులాన్ని బిగించింది ఆ పాలనే కావచ్చు. పెళ్లి కట్టుబాటు మాత్రం అంతకన్నా చాలా పాతది. మన వైశ్యులు వంద తరాలకు పైగా బయటి సంబంధం దాదాపు కలుపుకోలేదని డీఎన్ఏ చెప్పింది.

దాని ఫలితం ఆపరేషన్ బల్ల మీద కనిపిస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులయ్యేందుకు వేసే ఒక మందు కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపం వైశ్యుల్లో ఎక్కువ. ఆ ఎంజైము లేనివారికి కండరాలు గంటల తరబడి కదలవు, ఊపిరికి యంత్రం పెట్టాల్సి వస్తుంది. మేనరికం చేసుకోకపోయినా ఈ ముప్పు తప్పదు, ఎందుకంటే మొదట్లో ఉన్న కొద్దిమంది జన్యువులే కులమంతటా తిరుగుతున్నాయి. ఇది ఒక్క కులం గొడవ కాదు. 2017లో పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఇలా కొద్దిమంది పూర్వీకుల గట్టి ముద్ర ఉన్నవే.

రక్తం ఇచ్చింది మన ఊళ్లవాళ్లు, లెక్క తేలింది మన ఊళ్లోనే. సంబంధాలు చూసేటప్పుడు కులం గొప్ప చెప్పుకునే పెద్దలూ, ఇంటర్ చదివే పిల్లలూ ఈ సంగతి తెలుగులో చదువుకోగలగాలి. స్వచ్ఛత అని మురిసిపోయినదే మన పిల్లలకు జబ్బుగా మిగులుతోందని ప్రతి ఇంటికీ తెలియాలి.