వంటిల్లు లేనివారికి రైతుబజారు

పంజాగుట్ట నుండి అమీర్‌పేట, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి మీదుగా పటాన్‌చెరు దాటి జహీరాబాదు వైపు సాగిపోయే దారిని పాతవాళ్లు ఇప్పటికీ బొంబాయి రోడ్డనే పిలుస్తారు. ఒకప్పుడు 9వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. ఈ దారి పేరెత్తితే కంప్యూటరు కోచింగులు, చీరల దుకాణాలు, మెట్రో స్తంభాలు గుర్తుకొస్తాయి. దీనికొక తిండి చరిత్ర కూడా ఉందని ఎవరూ అనగా నేను వినలేదు. పండించే చేతికీ తినే నోటికీ మధ్య దూరం తగ్గించాలని గత నలభై యేళ్లలో జరిగిన ముఖ్యమైన ప్రయత్నాలు కొన్ని ఈ ఒక్క దారి వెంబడే కనిపిస్తాయి.

దూరపు కొస నుండి మొదలుపెడతాను. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పండుగనాడు మాత్రమే వరి అన్నం చూసిన ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం కడుపు నిండినవారి పని. అయితే జహీరాబాదు మెట్ట నేలల్లో జొన్న, కొర్ర, సామ పండించే చిన్న రైతులకు దాని రెండవ ముఖం కనబడింది. చౌక బియ్యం ముందు మెట్ట పంట నిలవలేకపోయింది. భూములు బీళ్లు పడ్డాయి. అదే ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత స్త్రీలవి, 1990ల నడుమ ఆ బీళ్లను సాగులోకి తెచ్చాయి. పండిన జొన్నను ఊళ్లోనే నిలవచేసి, పేదలెవరో ఊరే తేల్చి, తిండికి కటకటలాడే వానాకాలపు నెలల్లో తక్కువ ధరకు అమ్మాయి. పొలమూ, గాదె, రేషను దుకాణమూ ఒకే ఊళ్లో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిరుధాన్యాల మీద ఇప్పుడు మనకు పుట్టుకొచ్చిన భక్తి చూస్తే, మన తాతలు జొన్నరొట్టె తిని రోగమెరుగక బతికారనిపిస్తుంది. అంత సులభం కాదు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో (తరువాత అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది) సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ప్రచురించిన పరిశోధన పెల్లాగ్రా జబ్బు గురించి. అది జొన్నే సర్వస్వంగా బతికిన దక్కను పేదల జబ్బు. జొన్న చెడ్డదని కాదు. పక్కన పప్పు, పాలు, ఆకుకూర లేక జొన్న ఒంటరిదైతే వచ్చిన చిక్కు అది. వరి ఒంటరిదైనా అంతే. ధాన్యం చౌక చేయడం ప్రభుత్వాలకు ఎప్పుడూ చేతనైన పనే. కూరను చౌక చేయడమే కష్టం. కూర నిలవ ఉండదు, తూకానికి రాకముందే వాడిపోతుంది.

ఆ కష్టానికి ఉమ్మడి రాష్ట్రం వెదకిన ఉపాయం రైతుబజారు. 1966 నాటి మార్కెట్ల చట్టం రైతును షావుకారు నుండి కాపాడడానికే వచ్చింది గాని, యార్డులో కమీషను ఏజెంటు తిష్ఠ వేశాడు. తెల్లవారుజామున మూట దింపిన రైతుకు ధర చెప్పే అధికారం లేదు, తిరిగి తీసుకుపోయే ఓపికా లేదు. పంజాబులో 1987లోనే ‘అప్నీ మండీ’ పేర రైతులు నేరుగా అమ్ముకునే సంతలు మొదలయ్యాయి. 1998లో ఉల్లి ధర దేశాన్ని కుదిపేసి, ఢిల్లీలో ప్రభుత్వం ఓడిపోవడానికి అదీ ఒక కారణమని అందరూ చెప్పుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం, 1999 జనవరి 26న, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రైతుబజార్లను ప్రారంభించింది. ఆ నవంబరులోనే తమిళనాడు మదురైలో తన ‘ఉళవర్ సందై’ని తెరిచింది.

దాని అమరిక చూడండి. స్థలం ప్రభుత్వానిది, రైతుకు అద్దె లేదు. తానే పండించినవాడని అధికారులు ధ్రువపరచి గుర్తింపు కార్డు ఇస్తేనే లోపల కూర్చోవాలి. మూటలు తెచ్చుకోవడానికి ఆర్టీసీ బస్సులు. ధర ప్రతి ఉదయం టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు దిగువన నిర్ణయించి పలకమీద రాస్తారు. ఆ పలకే నాకు అన్నిటికన్న గొప్ప సంగతిగా తోస్తుంది. లోపలికి రాని గృహిణి కూడా బయటి తోపుడుబండి వానితో బేరమాడేటప్పుడు ఆ అంకెను చెప్పగలిగింది. స్వయంసహాయక సంఘాల స్త్రీలకు కూడా అందులో చోటిచ్చారు. రైతు కార్డుతో దళారి దూరిన కథలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. నిజమే కావచ్చు; అయినా పాతికేళ్లు దాటి, ప్రభుత్వాలు మారి, రాష్ట్రం రెండయినా నిలిచిన పథకాలు మనకెన్ని?

అమీర్‌పేటకు దగ్గరిది ఎర్రగడ్డ రైతుబజారు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక మరీ దగ్గర: ఎస్.ఆర్.నగర్, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎర్రగడ్డ, మూడో స్టేషను.

కాని అమీర్‌పేటలో ఉండేదెవరు? మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోర్సు నేర్చుకుంటూ, ఉద్యోగం వెదుక్కుంటూ, హాస్టలు గదిలో మంచానికింత అని కట్టే పిల్లలు వేలమంది. వారికి పొయ్యి లేదు. నేను ఎస్.ఆర్.నగర్ గదిలో ఉన్న రోజుల్లో కరెంటు కుక్కరు కనబడితే ఇంటి యజమాని తీసుకుపోయేవాడు. ఎర్రగడ్డలో తోటకూర కట్ట ఎంత చౌకైతే మాత్రం నేనేం చేసుకోను? మా తిండి కర్రీ పాయింటులో ఉండేది. ఇద్దరికి ఒక కూర పొట్లం, ఒక సాంబారు, మిగిలినదంతా అన్నం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కావాలి, పండ్లు 100 గ్రాములు. ఆ పొట్లం తూచి చూడనక్కరలేదు.

వండిన తిండి వైపు నుండి ప్రభుత్వం చేసిన ప్రయత్నం 2014లో వచ్చింది. జి.హెచ్.ఎం.సి., హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్ కలిసి అయిదు రూపాయలకు అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెట్టాయి. అడ్డా కూలీలు, ఆసుపత్రులకు వచ్చినవారి బంధువులతో పాటు కోచింగు పిల్లలూ ఆ వరుసలో నిలబడ్డారు. 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, మిల్లెట్ ఇడ్లీ, ఉప్మా వంటి ఉదయపు ఫలహారం కూడా చేర్చారు. జహీరాబాదు మెట్ట పంట ఇలా నగరపు పళ్లెంలోకి రావడం నాకు సంతోషమే.

అయినా నా సందేహం వేరు. రైతుబజారు పుట్టింది వంటిల్లున్న ఇంటికోసం. అయిదు రూపాయల భోజనం పుట్టింది ఆ పూట ఆకలికోసం. రెంటి నడుమ, ఈ పేటలో అసలు వంట చేస్తున్నది కర్రీ పాయింటు ఆవిడ, హాస్టలు వంటమనిషి. వ్యాపారిని బయట ఉంచడానికి కట్టిన ఏర్పాటు కనుక, వాళ్లు రైతుబజారు లెక్కలో ఎక్కడా లేరు. వాళ్లు చౌకగా దొరికేదే కొంటారు; బంగాళదుంప, దొండకాయ, మళ్లీ బంగాళదుంప. ఆకుకూర ఏరి కడగడానికి మనిషి కావాలి, ఆ కూలి పొట్లం ధరలో పట్టదు.

బోయినపల్లి మార్కెట్లో కూరగాయల వ్యర్థంతో కరెంటు చేస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. రోజుకు పది టన్నుల వ్యర్థమన్నారు. మెచ్చుకోదగ్గదే. అంతకుముందు రోజు సాయంత్రానికి అందులో కొంతయినా కూరగాయే కదా అని నాకనిపించింది.

ఎర్రగడ్డ బజారులో స్వయంసహాయక సంఘానికి ఒక షెడ్డు, నాలుగు పొయ్యిలు, మధ్యాహ్నానికి మిగిలిన ఆకుకూర రైతు ధరకే. వండిన పప్పుకూర ధర కూడా ఆ పలక మీదే, టమాటా కింద ఇంకొక వరుసలో రాయవచ్చు. మైత్రీవనం దగ్గర పొట్లం కొనే కుర్రవాడు అప్పుడు ఆ అంకె చెప్పి బేరమాడతాడు.