పండక్కి పోవడం, పండక్కి పనికి పోవడం

తెలంగాణ పల్లెలో దసరా గురించి రాసేవాళ్ళ కలాలన్నీ ఒకే బాట పడతాయి. నిండిన చెరువు, తంగేడు పూలు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు, జమ్మి చెట్టు, పాలపిట్ట. చివర్లో ‘ఊరంతా ఒక్కటై’ అనే మాట. ఈ ‘ఊరంతా’లో వాడ ఉందా లేదా? ఉంది. వాడ లేనిదే ఆ పండగ ఒక్క అడుగు కదలదు. అయితే వాడ అందులో ఏ హోదాతో ఉంది, ఏ పొద్దున ఎక్కడ నిలబడింది, ఏ పొద్దుకు ఇల్లు చేరింది అన్నది మన పండగల చరిత్రలో ఎవరూ రాయలేదు. పండక్కి పోవడం వేరు, పండక్కి పనికి పోవడం వేరు. ఒకే మైదానంలో, ఒకే రోజు, ఒకే డప్పు చప్పుడు కింద ఈ రెండూ జరుగుతాయి. చూసేవాడికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. తేడా చేసేవాడికే తెలుస్తుంది.

పండగకు ముందు గింజ

ముందు కాలం సంగతి చూడాలి. కవులకు శరత్తు వెన్నెల కాలం. వాడకు అది గాదె అడుగు కనపడే కాలం. వానాకాలం పంట ఇంకా చేలోనే ఉంటుంది. కలుపులు అయిపోయాయి, కోతలు మొదలుకాలేదు. కూలి దొరకని వారాలవి. మక్క, కొర్ర ముందు చేతికొచ్చిన ఇంట్లో కొంత నయం. వరి, జొన్న నమ్ముకున్న కూలి ఇంట్లో నాగుకు తెచ్చిన గింజలే దిక్కు. ఆ నాగును కోతల్లో వడ్డీతో కలిపి కొలవాలి. బతుకమ్మ, దసరా రెండూ సరిగ్గా ఈ సందులోనే వస్తాయి. రైతుకు ఇది చేతికి రాబోయే పంటను చూసి సంబరపడే కాలం, జీతగాడికి రాబోయే కోత మీద అప్పు చేసే కాలం. పంట ఒకటే, పండగ ఒకటే, లెక్క మాత్రం రెండు పుస్తకాల్లో ఉంటుంది.

పూల సంగతీ అంతే. గునుగు అంటే జొన్న చేలల్లో మొలిచే కలుపు. ఆ కలుపును ఏరేది ఎవరి చేతులో ఆ చేతులకే ఏ గట్టు మీద ఏ పువ్వు పూసిందో ముందు తెలుసు. పెత్రమాస నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ ఈ తెలివి మీదే నిలబడింది. అయినా చాలా ఊళ్ళల్లో వాడ ఆడోళ్ళ బతుకమ్మ వాడలోనే ఆడింది. చెరువు కట్ట మీద ఊరి బతుకమ్మలు ఒక దిక్కు, వాడ బతుకమ్మలు ఇంకో దిక్కు. ఒకే నీళ్ళు, రెండు రేవులు. పువ్వుకు అంటు లేదు, పేర్చిన చేతికి ఉంది.

చెదిరిపోయే ఇల్లు

నైజాం కాలపు వెట్టి గురించి మనకు రాతలున్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసిన పుస్తకంలో కులం వారీగా వెట్టి పట్టిక లాంటిదే ఉంది. దళిత కుటుంబాల నుంచి మనిషిని వెట్టికి పంపాలి, చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాను ఊరికే ఇవ్వాలి, గొల్లలు గొర్రెలు ఇవ్వాలి, కుమ్మరులు కుండలు ఇవ్వాలి, చాకలి వాళ్ళు చాకిరీ చెయ్యాలి. ఈ పట్టికను చరిత్రకారులు దోపిడీ లెక్కగా చదివారు. సరైందే. అయితే దాన్నే పండగ రోజు మీద పెట్టి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది.

పండగ రోజున పెద్ద కులాల ఇంట్లో ఏం జరుగుతుంది? పట్నంలో చదివే కొడుకు వస్తాడు, అత్తగారింటి నుంచి బిడ్డ వస్తది. చెదిరిన ఇల్లు ఒక చోట చేరుతుంది. అదే రోజు వాడలో ఏం జరుగుతుంది? మొగాయన డప్పు కాచుకొని తెల్లారేసరికి ఊళ్ళోకి పోతాడు. మస్కూరి పని ఉన్నవాడు పటేలు ఎనక తిరుగుతాడు. ఆడామె పెద్దిండ్ల వాకిళ్ళు ఊడ్వడానికి, పశువుల కొట్టం ఎత్తడానికి పోతది. పసులు కాసే పిలగానికి పండగ లేదు, పసులకు పండగ లేదు కాబట్టి. పొద్దుగూకినంక ఒకరి తర్వాత ఒకరు, చేతిలో ఏది పెడితే అది పట్టుకొని ఇల్లు చేరతారు. ఒకరి ఇంటిని కలిపే పండగ ఇంకొకరి ఇంటిని చెదరగొట్టి నడుస్తుంది. మా నాయనమ్మకు దసరా అంటే గుర్తున్నది జమ్మి కాదు, ఆ రోజు మా తాత ఇంటికొచ్చే యాళ్ళ. ఆయన వచ్చేదాకా పిల్లలను నిద్రపోకుండా కూసోబెట్టేదట, కూర చల్లారుతున్నా సరే. నలుగురు కలిసి తినడమే ఆమె లెక్కలో పండగ. మిగతాదంతా పని.

జమ్మి దగ్గరికి వద్దాం. ఊరేగింపు ముందు డప్పులు నడుస్తాయి. జమ్మి పూజ కాడ డప్పులు పక్కకు జరుగుతాయి. పూజ అయినాక జమ్మి ఆకును ‘బంగారం’ అని చేతుల్లో పెట్టుకుంటారు, పెద్దల కాళ్ళు మొక్కుతారు, అలయ్ బలయ్ తీసుకుంటారు. పండగ అసలు గుణం ఇక్కడే తేలుతుంది. ఎందుకంటే అలయ్ బలయ్ అంటే ముట్టుకోవడం. ఎవరు ఎవరిని కావలించుకున్నారు? ఎవరి చేతిలో ఆకు పెట్టారు, ఎవరి చేతిలో పైనుంచి వేశారు? వాడ ముసలాయన ఊరి పడుచు పిలగాని ముందు వంగిండా, పిలగాడు ముసలాయన ముందు వంగిండా? అంటరానితనం గురించి వంద ప్రశ్నలు వేయక్కరలేదు, దసరా సాయంత్రం జమ్మి చెట్టు కింద ఒక గంట నిలబడితే చాలు.

డప్పు కొట్టం అన్నవాళ్ళు

ఈ ఏర్పాటును వాడ ఎప్పుడూ నోరుమూసుకొని ఒప్పుకుందనుకుంటే పొరపాటు. తెలంగాణ దాటి ఒంగోలు సీమకు పోవాలి. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో స్థిరపడ్డాడు. ఆయన చుట్టూ చేరినవాళ్ళు ఎక్కువమంది మాదిగలు. వాళ్ళను అక్కడికి నడిపించింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలే. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కనాడే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె అందరూ చెప్తారు. అంతకంటే ముఖ్యమైంది ఆ కొత్త విశ్వాసులు పెట్టుకున్న కట్టడి: ఆదివారం పనికి పోం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాల పండగలకు డప్పు కొట్టం.

మతం సంగతి పక్కన పెట్టి చదివితే ఈ మూడు మాటలూ పని గురించిన మాటలే. వారంలో ఒక రోజు మాది. మా తిండి మేం నిర్ణయించుకుంటం. మీ పండక్కి మేం కూలోల్లం కాం. ఊరికి ఇది అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టలేదు. డప్పు లేనిదే అమ్మవారి ఊరేగింపు లేదు కాబట్టి కరణాలు, పెద్ద రైతులు వాడ మీదికి వచ్చారు. నీళ్ళు కట్టేశారు, పని కట్టేశారు. పండగను ఆపగల శక్తి తమ చేతుల్లో ఉందని వాడకు తెలిసింది ఆ కట్టడి వల్లనే. 1907లో మొదట వెలువడి 1916లో పుస్తకంగా వచ్చిన గ్రామదేవతల అధ్యయనంలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ తెలుగు జాతరల గురించి రాశాడు. దున్నను నరకడం దగ్గర, డప్పుల దగ్గర, రక్తం కలిపిన అన్నం పొలిగా ఊరి పొలిమేర చుట్టూ చల్లడం దగ్గర మాలమాదిగలు ఎంత అవసరమో ఆ వర్ణనల్లో కనపడుతుంది. ఊరి పొలిమేరను కాపాడే క్రతువు పొలిమేర బయట ఉంచినవాళ్ళ చేత్తో జరగాలి. ఈ ఎదురుబొదురుతనం మీదే ఊరి పండగ నిలబడింది.

హైదరాబాదులో దారి ఇంకో రకం. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో, భజనలతో వాడలను ఒకచోట చేర్చాడు. జాతరల్లో తాగుడునూ, బలులనూ, జోగిని ఆచారాన్నీ వదలమన్నాడు. దీంట్లో పై కులాల శుచి మర్యాదల నీడ ఉందని తర్వాతి తరం విమర్శించింది. ఆ విమర్శలో నిజముంది. కానీ ఆయన చేసిన ఇంకో పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాడవాళ్ళు ఎవరి సేవకూ కాకుండా, తమకోసం తాము కూర్చొని వినే సభను ఆయన నిలబెట్టాడు.

కోత పండగ, నాగపూర్ బండి

డోర్నకల్లు రైలు జంక్షన్. 1912 డిసెంబరులో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య అక్కడ కూర్చొని పని చేశాడు. ఆయన మీద ఆధారపడిన సంఘాల్లో మాలమాదిగలే ఎక్కువ. ఇప్పటికీ మన పల్లె చర్చీల్లో అక్టోబరు, నవంబరు ప్రాంతంలో, పంటను బట్టి ఊరికో తీరుగా, కోత పండగ జరుగుతుంది. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, సొరకాయలు, కోళ్ళు తెచ్చి పీఠం ముందు పెడతారు. ఆరాధన అయినాక వేలం. రెండు సొరకాయలు తెచ్చినామె పక్కింటామె తెచ్చిన కోడిని పాడుకుంటది. పాట పెరిగిన కొద్దీ నవ్వులు.

ఈ వేలం పాటను చిన్న సంగతి అనుకోవద్దు. తరాలుగా కల్లం కాడ దోసిలి పట్టి గింజ అడిగిన మనుషులు, గింజను ఇచ్చేవాళ్ళుగా, ధర చెప్పేవాళ్ళుగా పదిమందిలో నిలబడే చోటు అది. ఇంకోటి, ఈ పండక్కి ఇల్లు ఇల్లంతా కలిసి పోతుంది. మొగాయన డప్పుకు, ఆడామె వాకిలికి విడిపోరు. ఉతికిన బట్టలు కట్టుకొని, పిల్లలను ముందు నడిపించుకొని, ఒక చాప మీద కూర్చుంటారు. అక్కడ కూడా కులం చచ్చిపోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని చాపలు వేరైన చోట్లున్నాయి. వంట పొయ్యి కాడ ఆడోళ్ళే ఉన్నారు. అయినా ‘కుటుంబంతో పండక్కి పోవడం’ అనే అనుభవం చాలా వాడలకు మొదట ఇక్కడే దొరికింది.

అదే డోర్నకల్లు మీదుగా కాజీపేట, బల్లార్ష దాటి పోయే రైలుదారి నాగపూర్ చేరుతుంది. 1956 అక్టోబరు 14 విజయదశమి. ఆ రోజు నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ తన భార్య సవితతో కలిసి బౌద్ధం స్వీకరించాడు. భిక్షు చంద్రమణి దీక్ష ఇచ్చాడు. తర్వాత అంబేద్కర్ తానే, తెల్లబట్టల్లో తరలివచ్చిన లక్షలాది జనం చేత ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించాడు. 16న చంద్రపూర్‌లో మళ్ళీ దీక్ష జరిగింది. చంద్రపూర్ అంటే మన ఆదిలాబాదుకు పొరుగు జిల్లా.

రోజు ఎంచుకోవడంలోనే అంబేద్కర్ చరిత్ర పాఠం చెప్పాడు. దసరాను వదిలెయ్యమనలేదు, దానికి అశోక విజయదశమి అని ఇంకో అర్థం ఇచ్చాడు. ఊళ్ళో ఎవరి జమ్మి కాడ ఎక్కడ నిలబడాలో తేల్చే రోజున, వాడ మనిషి ఊళ్ళోనే లేకుండా పోయే దారి తెరిచాడు. అందుకే దీక్షాభూమి ప్రయాణం వట్టి యాత్ర కాదు, పని మానెయ్యడం కూడా. అక్కడి స్తూపం 2001 డిసెంబరులో ప్రారంభమైంది, కానీ జనం దానికోసం ఆగలేదు. ఏటేటా ముసలివాళ్ళనూ సంకలోని పిల్లలనూ తీసుకొని, అటుకులో రొట్టెలో మూటగట్టుకొని వస్తూనే ఉన్నారు. తిరిగి పోయేటప్పుడు ఎక్కువమంది చేతిలో కొనుక్కున్న పుస్తకం ఉంటుంది. చదువురాని తల్లి కొడుకు కోసం పుస్తకం కొనుక్కుపోయే పండగ ఈ దేశంలో ఇంకెన్ని ఉన్నాయి?

డప్పు తిరిగి ఎత్తినవాళ్ళు

ఒంగోలు కథ 1878తో ముగియలేదు. 1994 జులై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైంది. జనం దానికి పెట్టుకున్న పేరు దండోరా. తాతలు వద్దని దించిన డప్పునే మనవలు మళ్ళీ ఎత్తారు. ఇవి ఒకదానికొకటి విరుద్ధం అనేవాళ్ళున్నారు. కానే కాదు. ఊరి పండక్కి ఊరు పిలిస్తే కొట్టిన డప్పు వేరు, తన సభకు తాను కొట్టుకున్న డప్పు వేరు. తోలు అదే, సిర్ర అదే, చిటికెన పుల్ల అదే. ఎవరు పిలిచారన్నదే మారింది.

బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండగ అయింది. పాలపిట్ట రాష్ట్ర పక్షి అయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం వాడలు కూడా ఆడాయి, పాడాయి, డప్పు కొట్టాయి, కాబట్టి ఆ గౌరవంలో వాడకు వాటా ఉంది. కానీ రాష్ట్ర పండగ అయిన కొద్దీ ‘ఊరంతా ఒక్కటై’ అనే మాట సర్కారు మాట అవుతుంది. రెండు రేవుల సంగతి, పక్కకు జరిగిన డప్పుల సంగతి, పైనుంచి వేసిన జమ్మి ఆకు సంగతి చెప్పిన మనిషి పండగను చెడగొట్టేవాడవుతాడు. ఆ సంగతులు కళ్ళతో చూసిన తరం మన మధ్య నుంచి వెళ్ళిపోతున్నది. వాళ్ళ మాట కాగితం మీదికి రాకపోతే రేపు మిగిలేది ఫోటోలే.

కాబట్టి పల్లెలకు పోయే పరిశోధకులు పండగ పాటలు, పూల పేర్లు, నైవేద్యాలు సేకరిస్తే సరిపోదు. ఇంకో వరస ప్రశ్నలు అడగాలి. ఆ రోజు ముందుగా లేచిందెవరు? పూలు కోసిందెవరు, పేర్చిందెవరు, ఏ రేవులో వదిలారు? డప్పుకు ఇచ్చింది కూలా, మర్యాదా, మిగిలిన కూరా? జమ్మి ఆకు ఏ చేతి నుంచి ఏ చేతికి ఎట్లా పోయింది? ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తిన్నది ఎన్ని గంటలకు? చివరి ప్రశ్న చాలా చిన్నదిగా కనపడుతుంది. వాడలో ముసలవ్వలను అడిగి చూడండి, జవాబు మొదలుపెట్టేది దానితోనే.