బొమ్మ నడకకు గడియారము

ఒకే ప్రసంగపాఠమును ఇరువురు చదివినచో ఒకరు పది నిమిషములకు, మరియొకరు పదునాలుగు నిమిషములకు ముగింతురు. అందువలననే ప్రసారమందిరమున మేము పుటలను లెక్కింపము. గోడమీది గడియారమును చూతుము. కంప్యూటరు ఆటలను వ్రాయువారికి ఈ చిన్న నీతి అలవడుటకు చాల కాలము పట్టినది.

1962లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్, అతని మిత్రులును పీడీపీ-1 అను యంత్రముపై ‘స్పేస్‌వార్’ ఆటను రచించిరి. ఏ యంత్రమునకై వ్రాసిన ఆట ఆ జాతి యంత్రముపైననే ఆడుచున్నంతకాలము చిక్కు లేదు. 1978లో జపానున తొమొహిరో నిషికడో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను సృష్టించెను. శత్రుసేన కూలినకొలది తెరపై గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవి తమంతట తామే వేగముగా కదలజొచ్చెను. అది యంత్రశక్తి చాలమివలన కలిగిన ఫలితమే. కాని ఆటకు బిగువు తెచ్చుటచే ఆయన దానిని అట్లే యుంచెను.

లోపము అన్నివేళలను ఇట్లు వరము కాదు. 1981నాటి ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరు వేగము 4.77 మెగాహెర్ట్సులు. దానికి సరిపోవునట్లు వ్రాసిన కొన్ని ఆటలు తరువాతి యంత్రములపై ఆడరానంత వడిగా పరుగిడెను. అందుకై ఆ దశాబ్దమున పెక్కు యంత్రములకు ‘టర్బో’ మీట నమర్చిరి. పేరు వేగమునకు, ప్రయోజనము వేగమును తగ్గించుటకు!

1991లో గీడో వాన్ రోసమ్ పైథాన్ భాషను వెలువరించెను. 2000లో పీట్ షినర్స్ రచించిన ‘పైగేమ్’తో బాలురు సైతము ఆటలు వ్రాయగలిగిరి, పాత చిక్కును క్రొత్తగా ఎదుర్కొనిరి. మా మేనల్లు డొకడు అట్టి ఆట వ్రాసెను. తెరపై చిత్రము మారినప్పుడెల్ల బొమ్మ 5 పిక్సెళ్లు జరుగును. అతని యంత్రము సెకనుకు 60 చిత్రములు చూపును గనుక బొమ్మ 300 పిక్సెళ్లు నడచెను. మిత్రుని యంత్రము 144 చిత్రములు చూపగా 720 పిక్సెళ్లు దుమికి మాయమయ్యెను. “మామయ్యా, నాకీ విద్య అబ్బదు” అని వాడు పుస్తకము మూసివేసెను.

ఊహింపక అంకెలను చూడుమంటిమి. చిత్రమునకు 5 అనుట మాని, సెకనుకు 300 అను వేగమును గడచిన కాలముతో గుణించెను. పరుగు తగ్గెను గాని మిత్రుని యంత్రముపై బొమ్మ కుడికన్న ఎడమకు వడిగా పోవుచుండెను. ప్రతి చిత్రమునకు స్థానమును అచ్చువేయించితిమి. కుడికి 100, 102, 104. ఎడమకు 100, 97, 94. దొంగ దొరికెను. చిత్రమునకు 7 మిల్లీసెకన్లు పట్టినచో బొమ్మ 2.1 పిక్సెళ్లు కదలవలెను. పైగేమ్‌లోని దీర్ఘచతురస్రము పూర్ణాంకములనే దాచుకొనును. 102.1 కాస్త 102 అగును, 97.9 కాస్త 97 అగును. భిన్నము రాలిపోవుటచే ఒకవైపు నష్టము, ఒకవైపు లాభము! నిజస్థానమును భిన్నముతో వేరుగా నుంచి, గీయునపుడు మాత్రమే సవరించుటతో ఆ వంకర తీరెను.

యంత్రము చెప్పినదే చేసినది. బాలునికి బుద్ధి కొరతయు లేదు. అన్ని యంత్రములును తన యంత్రమువంటివే యను తలంపు ఒక్కటే తప్పు. అదే తప్పు పెద్దలును చేసిరని విని వాడు మరల పుస్తకము తెరచెను. నాటి సాయంకాలము రెండు యంత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. రెండు బొమ్మలును తెర అంచును ఒక్కసారే చేరెను.