విదేశీ ప్రయాణ బీమా: రక్షణ, మినహాయింపులు – చారిత్రక పరిశీలన

పెదకాకాని పరిసరాల్లోని పత్తి, మిరప పండే గ్రామాల నుంచి మొదట చదువుకున్న పిల్లలు అమెరికా వెళ్లారు. తరువాత వారి తల్లిదండ్రుల ప్రయాణాలు మొదలయ్యాయి. కూతురి పురిటికని ఆరు నెలలకు బయలుదేరే అరవై ఏళ్ల దంపతుల పెట్టెలో పచ్చళ్లతో పాటు బీపీ, షుగరు మాత్రలూ ఉంటాయి. ప్రయాణ బీమాలో అసలు వివాదం ఆ మాత్రల చుట్టూనే నడిచింది.

సాధారణ బీమాను 1972 చట్టం ద్వారా జాతీయం చేశారు. 1984లో ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ వచ్చింది. విదేశంలో ఉండగా వచ్చిన జబ్బుకు, జరిగిన ప్రమాదానికి అయ్యే వైద్య ఖర్చు చెల్లించడం దాని ఉద్దేశం. పాస్‌పోర్టు పోవడం వంటి నష్టాలు తరువాత చేరాయి. ముందే ఉన్న వ్యాధులను మాత్రం ఇటువంటి పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. ఊహించని నష్టానికే బీమా అన్నది ఇందుకు చెప్పే కారణం.

బీమా కోరేవారు ముఖ్య విషయాలు దాచకూడదన్న సూత్రాన్ని 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ వివరించారు. ఆ వ్యాజ్యం సుమత్రాలోని ఈస్టిండియా కంపెనీ కోటకు సంబంధించినది. అందులో గెలిచింది బీమా చేయించుకున్న పక్షమే. నిజాయితీ ఇరుపక్షాలకూ వర్తిస్తుందన్న ఈ అంశాన్ని బీమా సంస్థలు అంతగా గుర్తుచేయవు!

2009లో ఒక భారతీయుడు పెళ్లికని అమెరికా వెళ్తూ ఈ పాలసీ తీసుకున్నాడు. తనకు షుగరు ఉన్నట్లు ముందే తెలిపాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది. మూడు స్టెంట్లు వేశారు. షుగరు, కొలెస్టరాల్ ముందునుంచీ ఉన్నాయంటూ ప్రభుత్వరంగ బీమా సంస్థ డబ్బు నిరాకరించింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో అతను ఓడిపోయాడు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆరోగ్య స్థితి తెలిసి పాలసీ ఇచ్చాక, తెలిపిన వ్యాధినే సాకుగా చూపడం చెల్లదని, ఊహించని అనారోగ్యం కోసమే ఈ పాలసీ అని పేర్కొంది. న్యాయం జరిగింది గాని, దానికి పన్నెండేళ్లు పట్టింది. విద్యార్థులు ఇక్కడ గమనించవలసింది: షుగరు సంగతి దరఖాస్తులో రాసి ఉండకపోతే అతని వాదన నిలవడం కష్టమయ్యేది.

యూరప్‌లోని షెంజెన్ దేశాలు 2004 జూన్ నుంచి వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమాను తప్పనిసరి చేశాయి. అమెరికా సందర్శక వీసాకు ఆ నిబంధన లేదు.

గల్ఫ్ కార్మికులది మరో చరిత్ర. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుపై వెళ్లేవారికి 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి అయింది. 2017 సవరణ ప్రకారం రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్నులు అదనం. ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షలు ఇస్తారు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష వరకు ఇస్తారు. సహజ మరణానికి ఆ 10 లక్షలు రావు. పగలంతా ఎండలో పనిచేసి, రాత్రి గదిలో గుండె ఆగి చనిపోయిన కూలీది కూడా సహజ మరణం కిందికే వస్తుంది.