రెండు లోహముల పొత్తు

రసాయన చర్యను త్వరితపరచి, తాను మాత్రము తుదకు వ్యయము కాక మిగులు పదార్థమునకు ఉత్ప్రేరకమని పేరు. అది చర్య పొందు పదార్థములతో పాటు ఒకే ద్రావణములో కరిగియున్నచో, ఆ విధానమును సజాతీయ ఉత్ప్రేరణమందురు. ఇట్టి ద్రావణములలో ఒక లోహము ఒంటరిగా చేయలేని పనిని వేరొక లోహము తోడైనపుడు సాధించుట కలదు. ఎసిటాల్డిహైడు తయారీ చరిత్రయే ఇందుకు చక్కని నిదర్శనము.

1894లో ఫ్రాన్సిస్ ఫిలిప్స్ అను అమెరికా రసాయనజ్ఞుడు పెల్లేడియం క్లోరైడు ద్రావణములోనికి ఎథిలీను వాయువును పంపినపుడు ఎసిటాల్డిహైడు ఏర్పడుటను గమనించెను. కాని పెల్లేడియం నల్లని పొడియై అడుగునకు దిగెను. చర్య అంతటితో ఆగిపోయెను. పెల్లేడియం మిక్కిలి విలువైన లోహము. సుమారు 106 గ్రాముల లోహము అక్కరకు రాకుండ పోయి, 44 గ్రాముల ఎసిటాల్డిహైడు మాత్రమే లభించినచో ఏ కర్మాగారము భరించగలదు? కనుక ఆ పరిశీలన అరువదియేండ్లకు పైగా ప్రయోగశాలలోని వింతగానే మిగిలెను.

ఈలోగా పరిశ్రమలలో ఎసిటిలీను నుండి, పాదరస లవణముల సహాయమున, ఎసిటాల్డిహైడు తయారగుచుండెను. ఎసిటిలీను ఖరీదైనది, పాదరసము విషము. జపానులోని మినమాటాలో ఇట్టి కర్మాగారము నుండి సముద్రములో కలిసిన మిథైల్ పాదరసము చేపల ద్వారా ప్రజల శరీరములలో చేరి, ఘోరమైన నాడీవ్యాధిని కలిగించెను. 1956లో ఆ వ్యాధి అధికారికముగా గుర్తింపబడెను.

ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలోని మ్యూనిక్ నగరమున, వాకర్ సంస్థ పరిశోధనశాలలో యుర్గెన్ స్మిట్, ఆయన సహచరులు ఫిలిప్స్ చూచిన చర్యను మరల చేపట్టి, ద్రావణమునకు క్యూప్రిక్ క్లోరైడును చేర్చిరి. 1959లో తమ ఫలితములను ప్రకటించిరి. రాగి లవణము పెల్లేడియమును తిరిగి క్లోరైడుగా మార్చి, తాను క్యూప్రస్ క్లోరైడగును. దానిని ఆక్సిజను, హైడ్రోక్లోరికామ్ల సమక్షమున, మరల క్యూప్రిక్ క్లోరైడుగా చేయును. ఈ విధముగా రెండు లోహములును మొదటి స్థితికి వచ్చును. వ్యయమగునవి ఎథిలీను, ఆక్సిజనులే. ఎథిలీనును మార్చుట పెల్లేడియం వంతు. ఆక్సిజనును వినియోగించుట రాగి వంతు.

విశేషమేమనగా, ఈ మూడు చర్యలును విడివిడిగా అంతకుముందే తెలిసినవే. వాటిని ఒకే పాత్రలో ఒకదాని వెంట ఒకటి నడుచునట్లు కూర్చుటయే కొత్త విషయము.

ఈ మార్గము ఇక్కడితో ముగియలేదు. ఎసిటికామ్లము తయారీకై 1996లో వెలువడిన కటీవా పద్ధతిలో ప్రధాన ఉత్ప్రేరకము ఇరిడియము. దానికి అంటిపెట్టుకొని చర్యను మందగింపజేయు అయొడైడును రుథేనియం తాను స్వీకరించి, పని సాగనిచ్చును. ఫిలిప్స్ పాత్ర అడుగున నిలిచిన నల్లని పొడి ఆ చర్య వ్యర్థమని తెలుపలేదు. దానికొక తోడు కావలెనని మాత్రమే తెలిపినది.